సువార్త నిలబడి ఇచ్చిన మాట

తాడేపల్లిగూడెం,
సోమవారం.

ప్రభువునందు ప్రియమైన యేసోబు అన్నయ్యకు చెల్లెలు మార్తమ్మ వందనాలతో రాస్తున్నది. నేనూ నీ కూతురు సువార్తా దేవుని కృపవల్ల బాగానే ఉన్నాం. నువ్వూ వదినా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? లంకలోకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక నీకు మళ్ళీ నీళ్ళు తోడే ఇంజను పని దొరికిందో లేదో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మా గురించి మాత్రం బెంగపడకు.

ఇక్కడ వాన పడితే బురద, పడకపోతే మిల్లుల ఊక దుమ్ము. తిండికి లోటు లేదు గాని చేప ఐసులో వచ్చి రుచీపచీ లేకుండా ఉంటోంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపమని వదినతో చెప్పు. పొద్దున్న మెలకువ రాగానే నీళ్ళ చప్పుడు వినపడక, ఎక్కడున్నానో కాసేపటిదాకా తెలియదు. అయినా బాగానే ఉన్నాను, బెంగపడకు.

నా పని నీకు తెలిసిందే. చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లల బడి ఇది, బ్రిడ్జి స్కూలంటారు. రొయ్యల షెడ్డుల్లో తలలు తీసినవాళ్ళు, ఇళ్ళలో అంట్లు తోమినవాళ్ళు, మొత్తం ముప్పైమంది. ఇక్కడే ఉండి చదువుకుని పదో తరగతి ప్రైవేటుగా రాస్తారు. నేను వాళ్ళ హాస్టలు వార్డెన్ని. వాళ్ళతోపాటే చదివిన మన సువార్త పది పాసైందని, వదిన బూతు నుంచి ఫోను చేసినప్పుడు చెప్పాను. ఆ తర్వాతి సంగతి చెప్పలేదు. అందులో తప్పు నాది. ఫోనులో తేలే సంగతి కాదు కనక రాస్తున్నాను.

నెలకోసారి ఏలూరు నుంచి విమలగారని ఒక మేడం వస్తారు. చదువయ్యాక ఏ పిల్ల ఏ కోర్సులో చేరాలి, ఏ పనికి పనికొస్తుంది, అది చూసి చెప్పడమే ఆవిడ ఉద్యోగం. కెరీర్ గైడెన్స్ అంటారు. పోయిన నెల ఆవిడకి జ్వరమొచ్చి, "మార్తమ్మగారూ, ఈసారికి మీరే పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడండి" అని ఫోను చేశారు.

నన్ను మాట్లాడమంటే ఏమవుతుందో నీకు తెలుసు. బడి గడప తొక్కకుండా బైబిలు వాక్యంలోనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వాక్యం పట్టుకునే నిలబడ్డాను. దారిలో దెబ్బలు తిని పడివున్నవాడికి నూనె రాసి కట్టు కట్టినాయన సంగతి చెప్పాను. రోగుల సేవను మించిన పని లేదన్నాను. గొంతు లేచింది. ఇక ప్రార్థన కూటాల్లో చేసేటట్టే, "తీర్మానం చేసుకునేవాళ్ళు దేవుని ముందు లేచి నిలబడండి" అన్నాను. ఒక్కొక్కతే లేచింది. కొందరు ఏడ్చారు. ఇరవైతొమ్మిది మంది నర్సులవుతామని మాట ఇచ్చారు. టైలరుగారమ్మాయి నూర్జహాన్ ఒక్కతే చాప మీద కూర్చునుంది.

"నువ్వు లేవవేమ్మా?" అన్నాను.

"నేను మా నాన్నలాగా మిషను కుడతానండి. అయినా అందరూ నర్సులైపోతే మంచం మీద పడుకునేదెవరండీ?"

పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ గదిలో ఆలోచించింది అదొక్కతేనని తర్వాత తెలిసింది.

ఈ నెల విమలగారు వచ్చి జాబితా చూసి, "ఏవండీ, వీళ్ళందరిచేతా ప్రమాణం చేయించారా?" అన్నారు.

"దేవుని పనికి పిలిచానండి."

"పిలిచే ముందు ఒక్కొక్కరినీ అడిగారా అండీ, నీకేం ఇష్టమని?"

ప్రసంగంలో మనం అడగం అన్నయ్యా, పిలుస్తాం.

నీ కూతురు నీ ఇంజను పక్కన పెరిగింది. మొన్న హాస్టలు బోరు ఆగిపోతే, మెకానిక్కు వచ్చేలోపల మెయిను తీసేసి స్టార్టరు పెట్టె విప్పి, కాలిన తీగ చూపించింది. అదే పిల్ల, ఒకమ్మాయి కాలికి గాజుపెంకు గుచ్చుకుని నెత్తురొస్తే గోడ వైపు తిరిగి కూలబడింది. విమలగారు తిరిగి తిరిగి దానికి ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ సీటు చూశారు. వచ్చే సోమవారంలోగా చేరకపోతే ఇంకొకరికి పోతుంది. ఇదేమో చేరనంటోంది.

"ఇష్టం లేదా?" అన్నాను.

"ఇష్టమే అత్తా. కానీ దేవుని ముందు మాట ఇచ్చేశాను."

"తొందరపడి ఇప్పించాను. వదిలెయ్యవే."

"నువ్వు వదిలెయ్యమంటే పోతుందా? మాట నీకిచ్చానేంటి?"

అది నేను నేర్పిన మాటే.

నిన్న ఆదివారం పిల్లలందరినీ నిలబెట్టి, తప్పు నాదని ఒప్పుకున్నాను. వాళ్ళ మనసులు అడగకుండా నా మనసు వాళ్ళ నెత్తిన పెట్టానన్నాను. ఇక కూర్చోమన్నాను. మిగతావాళ్ళు హాయిగా కూర్చున్నారు. ఒకత్తయితే, "బతికించారండి, నాకు ఇంజక్షనంటేనే భయం" అంది. సువార్త మాత్రం నిలబడే ఉంది.

మధ్యాహ్నం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బైబిల్లో వాక్యం వెతికాను. ధర్మశాస్త్రంలో దొరికింది అన్నయ్యా. తండ్రి ఇంట ఉన్న పిల్ల మొక్కుకుంటే, తండ్రి అది విన్న రోజున వద్దంటే ఆ మొక్కు రద్దవుతుంది, దేవుడు ఆ పిల్లని క్షమిస్తాడు. విని ఊరుకుంటే మొక్కు నిలిచిపోతుంది. సువార్త తనే రెండుసార్లు చదువుకుంది. కళ్ళు తుడుచుకుని, "నాన్న సంగతి తెలుసుగా అత్తా, అవుననడు, కాదనడు" అంది.

నువ్వు మాట్లాడవు. ఇన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఈసారి వస్తుంది. నేను ఆ సీటు పోనివ్వను. పోనివ్వకూడదంటే మాట నీ నోట్లోంచే రావాలి.

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న పాస్టరుగారికి వందనాలు. అయ్యా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మా అన్నయ్య వింటున్నాడో వల అల్లుకుంటున్నాడో చూడండి. అన్నయ్యా, పెద్దమ్మకి నా నమస్కారాలు. నన్ను దీవించమని చెప్పు, తప్పు చేసినవాళ్ళకే దీవెన ఎక్కువ కావాలని కూడా చెప్పు. వదినకి నా ప్రేమ. సంఘంలో అందరినీ మా ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యమను.

విన్న రోజే అన్నయ్యా, మర్నాడు కాదు. పాస్టరుగారు ఈ కాగితం మడవగానే లేచి మండవల్లి బూతుకి వెళ్ళు. బడి నంబరు వదిన దగ్గరుంది. ఫోను నేనెత్తి దానికిచ్చి అవతలికి పోతాను. వద్దనే ముందు, నీకేం కావాలమ్మా అని దాన్ని అడుగు. నేను అడగలేదు.

నీ చెల్లెలు
మార్తమ్మ