కెమెరాలో పెట్టిన కన్ను

రహీం చాచా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. జగిత్యాల రోడ్డు మీద, నువ్వు పడ్డ చోటే, నీకు సంతాప సభ పెట్టారు. ఫొటోలు తీయడానికి కోరుట్లలోని మన స్టూడియో నుంచి నేనే వెళ్లాను.

నాకు కెమెరా పట్టడం నేర్పింది నువ్వే. వెనుక స్క్రీన్ చూస్తూ తీస్తే కసిరేవాడివి. "ఎండల గా స్క్రీన్ ఏం గనబడ్తది బిడ్డా? కన్ను వ్యూఫైండర్ల పెట్టు, చెయ్యి గూడ వణకది" అనేవాడివి. నిరుడు తెలంగాణ కోసం జరిగిన రాస్తారోకోలోనూ అలాగే కన్ను పెట్టి నిలబడ్డావు. పోలీసులు లాఠీలతో రాగానే, ముందుండాల్సిన నాయకుడి జీపు వెనక్కి దూసుకొచ్చి నిన్ను గుద్దింది.

ఇవాళ అదే నాయకుడు నీ ఫొటోకు దండ వేసి, మైకులో నిన్ను అమరుడన్నాడు. కిందికి దిగొచ్చి నా కెమెరా స్క్రీన్‌లోకి తొంగి చూశాడు.

"నా మొకం నల్లగచ్చింది, ఇంకోటి తియ్యి" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "పాపం రహీం! గిట్ల స్క్రీన్ల జూసుకుంట తీస్తే జీపు గనబడుతుండె."

నాకు ఒళ్లు మండింది.

"మా చాచా కన్ను కెమెరాల ఉండె సార్. జీపు ఎన్కకు నడిపినప్పుడు మీ డ్రైవర్ కన్ను ఏడుండె?" అని అందరూ వినేలా అడిగాను.

నాయకుడు జీపెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు ముందు వరుసలో కూర్చున్న చాచీ లేచింది. అతను వేసిన దండ తీసి రోడ్డు పక్కన పడేసి, కొంగుతో నీ ఫొటో తుడిచింది. ఆమె అలా తుడుస్తుండగా ఫొటో తీశాను. ఆ ఒక్కటి ఉంచుకుని, సభలో తీసినవన్నీ అక్కడే నిలబడి డిలీట్ చేశాను.

— స్వప్న