వాలుగల మడుగు

కార్లా ఒడ్డు, థెస్సలీ
1964 ఫిబ్రవరి 20

మా ఇంటాయనకు ఆసిమీనా రాసుకునేది. ఇక్కడ నేనూ, అత్తమ్మా, పిల్లా ఏ నలతా లేకుండా ఉన్నాం. ఆ జర్మనీ చలిలో మీరూ అలాగే ఉండాలని మేరీమాతకు దీపం పెడుతున్నాను.

పిల్లకి దగ్గు తగ్గింది. సరస్సు గురించి అడిగారు. నీళ్ళన్నీ సొరంగంలోంచి సముద్రంలోకి పోయాయి, మన రెల్లు గుడిసెలున్న చోట ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. మీ అమ్మ మాత్రం పొద్దున్నే లేచి, వల వేయడానికి గాలి బాగుందో లేదో చెబుతూనే ఉంది. ఎవరికి చెబుతుందో ఏమో.

పొలం సంగతి మూడు ఉత్తరాల్లో అడిగారు, మూడుసార్లూ దాటేశాను. నెల రోజులుగా ఇంట్లో కాలు నిలవడం లేదు. గట్టు మీదికి పోతాను, వస్తాను, మళ్ళీ పోతాను. ఇక చెప్పేస్తాను.

ఎండిన సరస్సు నేల పంచడానికి సర్కారు చీట్లు తీసినప్పుడు మనకి గట్టు వారన మంచి చెక్కే వచ్చింది. మధ్యలో ఉన్న, ఒకప్పుడు వాలుగ చేపలు దొరికిన వాలుగల మడుగు మన ఊరి వాయోస్‌కి పడింది. మీ నాన్న వల వేసిన చోటు, మీరు ఒక్క పూటలో మూడు బుట్టలు నింపుకొచ్చిన చోటు, పరాయివాళ్ళ పాలైతే చూడలేకపోయాను. మార్చుకుందామని నేనే అతన్ని అడిగాను, సరేనన్నాడు. అన్ని చేపలు పండిన చోట గోధుమ ఇంకెంత పండుతుందో అనుకున్నాను. నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నాను, అదీ ఉప్పుమన్ను. అందరి పొలాలూ పచ్చగా ఉన్నాయి, మనది తెల్లగా పొలుసు కట్టింది. వాయోస్ గట్టు మీంచి, "ఏం వదినా, వల ఎప్పుడు వేస్తున్నావ్?" అన్నాడు.

పొలం పండితే ఫ్యాక్టరీ మానేసి వస్తానన్నారు. పిల్ల ఆ మాటే పట్టుకుని కూర్చుంది. ఇప్పుడేం చూసుకుని వస్తారు? తిట్టండి, పడతాను.

పడవ అమ్మేయమన్నారు కదా, అమ్మలేదు. మొన్న నాలుగు రోజులు ముసురు పట్టింది. అందరి పొలాల నీరూ పాత దారి మర్చిపోనట్టు మన మడుగుకే వచ్చి చేరింది, నడుం లోతు. అత్తమ్మ చూసి, "తారు కాచవే" అంది. ఇద్దరం కలిసి పడవకి పూశాం. నిన్న పిల్లని ఎక్కించుకుని ఈ కొస నుంచి ఆ కొసకి తెడ్డు వేశాను. చేప ఒక్కటీ లేదు. అయినా ఆ కాసేపు నా మనసు కుదుటపడింది. వాయోస్ కూడా నవ్వలేదు.

పొలం కోసమైతే రావద్దు. నా కోసమైతే ఎండలు ముదరకముందే రండి, నీళ్ళు ఆగవు.

ఇట్లు,
మీ పొలం పాడుచేసిన, మీ పడవని అమ్మకుండా ఉంచిన,
మీ భార్య
ఆసిమీనా