ఎడమచేతి ఉలి

శంషాబాద్, 13-9-2011

చెల్లె డోర్కాస్‌కు,

ఈ రాత నాది కాదని గాబరా పడకు, నేను బాగానే ఉన్నాను. నేను చెబుతుంటే అరవింద్ రాస్తున్నాడు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం అతనికి, ఆదివారాలు సరదాకు నా దగ్గర వడ్రంగం నేర్చుకుంటున్నాడు. నీలాగే ఎడమచేతి వాటం. మొన్న అతనికి అర్థమయ్యేలా చూపిద్దామని నేను కూడా ఉలిని ఎడమచేతికి మార్చాను. "ఉలి ముందట చెయ్యి పెట్టొద్దు బిడ్డా" అంటూనే చెక్క పట్టుకున్న నా కుడిచెయ్యి ముందుకు పెట్టాను. మూడు కుట్లు పడ్డాయి. దవాఖానలో అతను "నా కోసమే గిట్లయింది అన్నా" అని ఒకటే బాధ. "గట్లనకు, చెక్క బిగించకుండ చేత పట్టింది నేను గదా" అన్నాను.

మేక ఈనిందా? సామాను గదిలో నాన్న సాన రాయి ఉంటుంది, వెతికి తీసి పెట్టు.

చిన్నప్పుడు నువ్వు ఉలి పడితే లాక్కుని, ఆ చేత్తో పని రాదన్నది నేనే. ఈ పిల్లవాడు ఆ చేత్తోనే గీత తప్పకుండా గాడి చెక్కుతున్నాడు. నా చిన్న ఉలిని ఊరికి వచ్చేవాళ్లతో పంపుతున్నాను. కోళ్ల గూటికి తలుపు నువ్వే చెయ్యి. చెక్కను గట్టిగా బిగించు, రెండు చేతులూ పదునుకు వెనకే ఉండాలి. ఉలి మొద్దుబారితే బలం పెట్టకు, జారుతుంది. సాన మీద నీళ్లు చల్లి నూరుకో.

నీ ఎడమచేతి పనిని దేవుడు దీవించును గాక.

మీ అన్న,
ఆనందం