కొనలేదు, దాచానంతే

జూన్ 3, సోమవారం. ఉదయం 6.00
ఒట్టు! ఈ రోజు నుంచి ఒక్క బట్ట కూడా కొనను. పదహారో తారీఖున చెల్లెలు నోయెలియా చంటిదాన్ని తీసుకుని వస్తోంది. అద్దె గది ఖాళీ చేయమన్నారట. నా దగ్గర చోటు లేకపోతే ఆ సణుగుడు మేనత్త ఇంటికి పోవాలి. "వెనక గది నీదే" అని మాటిచ్చాను. ఆ గదిలో ప్రస్తుతం నా బట్టలు కాపురం ఉంటున్నాయి.
జీన్స్ 19. స్వెట్టర్లు 34. (మా షేలా చలి ఊరే. కానీ నాకున్నది ఒక్క ఒళ్ళే!) గౌన్లు... లెక్కపెట్టడం ఆపేశాను.
భూమ్మీద పారేసిన బట్టల గుట్టలు పెరిగిపోతున్నాయట, రేడియోలో చెప్పారు. ఇక నా వంతు గుట్ట పెరగదు. గర్వంగా ఉంది!

జూన్ 4, మంగళవారం
పళ్ళ డాక్టరు దగ్గర నా డ్యూటీ అయ్యాక పాకా కొట్టు, అదే మా పాతబట్టల కొట్టు, ముందు నుంచే నడిచాను. విదేశాల పాతబట్టల మూట నిన్ననే విప్పారు. తొంగి కూడా చూడలేదు. కొట్టావిడ దోన్యా ఛూసితా గడపలోంచి కేకేసింది:
"ఏం తల్లీ, ఒంట్లో బాలేదా?"
బాగుంది. చాలా బాగుంది!

జూన్ 5, బుధవారం
తొంగి చూశాను. చూస్తే తప్పేముంది? ఎర్ర ఉన్ని కోటు! పాతది కొంటే కొత్తది కుట్టే పని తప్పుతుంది. భూమికి మేలే కదా.
అయినా కొనలేదు. ఆ కొట్లో ధర రోజురోజుకీ దిగుతుంది. సోమవారం అరవై కెత్సాల్‌ల కోటు శనివారానికి ఐదు. అందుకని మగవాళ్ళ ప్యాంట్ల గుట్ట అడుగున దాచి వచ్చాను.
కొనలేదు, దాచానంతే.

జూన్ 6, గురువారం
ఉదయం 7.30: కోటు ఉంది.
మధ్యాహ్నం 1.00: ఉంది.
సాయంత్రం 5.00: ఉంది. పక్కనే ఇంకెవరో దాచుకున్న ఆకుపచ్చ శాలువా! సిగ్గులేని మనుషులు. దాన్ని పిల్లల బనియన్ల కిందికి మార్చాను.

జూన్ 8, శనివారం
కోటు లేదు!!
దోన్యా ఛూసితా పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వు దాచే చోటు బజారంతా తెలుసమ్మా. పన్నెండేళ్ళుగా అదే గుట్ట!"
"ఈ మిగిలినవన్నీ ఏం చేస్తారు?"
"చెత్తబండికే. నీకు కావాలంటే గోనెసంచీలో కుక్కుకుని పో."
చెత్తబండికా! ప్రాణం ఉసూరుమంది. రెండు సంచులు తెచ్చాను. ఇది కొనడం కాదు, కాపాడడం.

జూన్ 13, గురువారం
వెనక గది తలుపు తెరుచుకోవడం లేదు. ఆదివారం పొద్దున్నే సర్దేస్తాను. బోలెడు టైముంది.

జూన్ 15, శనివారం
ఇంకో సంచి. దీని గురించి రాయను.

జూన్ 16, ఆదివారం
నోయెలియా మొదటి బస్సుకే దిగింది. నేనింకా మంచం మీదే. వెనక గది తలుపు భుజంతో నెట్టింది. జానెడు తెరుచుకుంది.
చంటిదాన్ని రెండో భుజానికి మార్చుకుని మెల్లగా అంది: "చోటు లేదని ఫోన్లోనే చెప్పుండొచ్చుగా అక్కా. అత్తకి కబురు చేసుకునేదాన్ని."
తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.
"ఎక్కడికీ పోవద్దు. మొక్కజొన్న జావ కాస్తాను. నువ్వు తాగేలోపు గది ఖాళీ!"
"ఎన్ని కుండలు తాగాలేంటి?"
సాయంత్రానికి ఆ గదిలో మంచం బయటపడింది. చంటిది దాని మీద హాయిగా నిద్రపోయింది. బట్టలన్నీ నా మంచం మీదికి చేరాయి. నేను వంటింట్లో చాప మీద.

జూన్ 17, సోమవారం. ఉదయం 6.00
ఒట్టు! ఈ రోజు నుంచి ఒక్క బట్ట కూడా కొనను. ఈసారి నిజం.
నోయెలియాకి ఆ మాటే చెప్పాను. తల ఊపింది. కానీ తెచ్చుకున్న పెట్టె ఇంకా విప్పలేదు. ఎందుకని అడిగాను.
"శనివారం గడవనీ అక్కా" అంది.