బిల్లుడు పీట

మధురవాడ,
27 ఏప్రిల్ 2025, ఆదివారం.

మొహియుద్దీన్ భాయ్‌కి,

సింహాద్రి సలాములు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయాలి. కానీ నీకు ఊపిరి సరిగా ఆడటం లేదని, మసీదు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగుతున్నావని విన్నాకనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అందుకని ఆ మాట రాయడం లేదు.

ఫోను చేస్తే నా గొంతు విని పెట్టేస్తావు. ఉత్తరమైతే చించే ముందు ఒకసారి చూస్తావు. మీ ఇంటి మనిషి చేతికే ఇచ్చి పంపే వీలుంది గాని పోస్టులో వేస్తున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

పందొమ్మిదేళ్ళయింది మనం మాట్లాడుకుని. ఫారెస్టు రేంజి ఆఫీసు ముందు నిలబడి, నీ మంచాల దుకాణం కర్రంతా పట్టుబడిన రోజున, మా ఇంటి మనిషెవరూ ఇంక ఆ కొండ మొహం చూడరని అన్నావు. నువ్వు మాట తప్పలేదు. కానీ భాయ్, మీ ఇంటి మనిషి కొండకి వచ్చింది. నీ మనవరాలు మెహక్. కోపం తెచ్చుకోకు, ముందు చదువు.

మార్చిలో వాళ్ళ స్కూలు పిల్లలు నలభై మంది అడవి చూడటానికి వచ్చారు. స్కూలు పిల్లల్ని తిప్పే పని ఇప్పుడు నాదే. ఒకప్పుడు ఇదే దారిలో కర్ర కొట్టి, సైకిలుకి కట్టి, తెల్లారేసరికి వన్‌టౌన్‌లో నీ దుకాణం ముందు దింపినవాణ్ణి. పచ్చికర్ర తెస్తే తూకం చూసి, 'ఏటి బావా, కర్ర కంటే నీ సెమటే ఎక్కువ బరువున్నట్టుంది' అనేవాడివి. అలాంటి నన్ను వాచరు ఉద్యోగంలో పెట్టారు. దొంగకి తాళాలిచ్చారని మా ఊళ్ళో నవ్వారు. కొండలో ఎక్కడ ఏ చెట్టుందో దొంగకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

దారికి అడ్డంగా ఎండుకొమ్మ ఒకటి పడి ఉంది. ఇది ఏ చెట్టుదో చెప్పండని పిల్లల్ని అడిగాను. ప్రతి జట్టునీ అడుగుతాను, ఎవరూ చెప్పరు. వెనక నుంచి ఒక పిల్ల వచ్చి కూర్చుంది. రాయితో బెరడు గీకి, పసుపుపచ్చగా మెరిసే కర్ర మీద ముక్కు పెట్టింది. నాగవంశీ అనే కుర్రాడు, 'ఏటే, సెట్టుని ముక్కుతో సదువుతావా?' అని వెక్కిరించాడు. 'నువ్వు కళ్ళతో సదివినా రాలేదు కదేటి' అంది ఆ పిల్ల. తర్వాత నా వైపు తిరిగి, 'బిల్లుడు. మా దాదా కూర్చునే పీట ఇదే కర్ర' అంది.

వన్‌టౌన్‌లో బిల్లుడు పీట మీద కూర్చుని, కర్ర తిప్పి చెక్కే తరిమెన మీద మంచం కోళ్ళు చేసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ పీట కర్ర నేను తెచ్చిందే. అంటే ఇన్నేళ్ళూ దాన్ని పొయ్యిలో పెట్టలేదన్నమాట.

పక్కనే నిలబడి ఉన్న బిల్లుడు చెట్టు చూపించాను. ఆకు చూసి ఆ పిల్ల పోల్చుకోలేదు. మీ దుకాణంలో ఆకులుండవు కదా. చెట్టు మీద అరచెయ్యి పెట్టి, 'బతికుంటే ఇలా ఉంటుందా?' అని అడిగింది.

ఆ చెట్టు సంగతి నీకు చెప్పాలి. హుద్‌హుద్ తుపానులో నడుమెత్తు దగ్గర విరిగిపోయింది. ఆ మర్నాడు కొండ ఎక్కితే ఒక్క ఆకు లేదు, నిప్పు పెట్టినట్టుంది. నీలాంటివాళ్ళ పది దుకాణాలకి పదేళ్ళకి సరిపడా కర్ర నేల మీద పడి ఉంది. నువ్వే గుర్తొచ్చావు. వాలుకి అడ్డంగా పడిన దుంగల్ని మేము కదపలేదు. వాటి వెనక మట్టి నిలిచింది, మట్టిలో నీళ్ళు నిలిచాయి. విరిగిన మొదళ్ళ నుంచి పిలకలు లేచాయి. వాటిని మేకలు తినకుండా మూడేళ్ళు కాశాను. నా సొంత అత్తగారి మేకల్ని కూడా తోలేశాను. ఆవిడ ఇప్పటికీ నాకు కూర సరిగా వెయ్యదు.

గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్క ఉత్తరంలో చెప్పుకుంటాను. మొన్న శివరాత్రి వెళ్ళాక కూడా కొండ మీంచి దిగే గెడ్డలో నీళ్ళు పారుతున్నాయి. నువ్వెరిగిన రోజుల్లో సంక్రాంతికే ఎండేది. కిందటేడు పెద్దవాన ఒక్కరోజే కుమ్మేసినప్పుడు, కొండ చెక్కి ఇళ్ళు కట్టిన వైపు బురద జారి కార్లు కూరుకుపోయాయి. చెట్లున్న మా వైపు గెడ్డ నిండుగా పారింది, అంతే. కింద కాలనీ వాళ్ళు ఆ సాయంత్రం గేటు దగ్గరికొచ్చి నాకు దండం పెట్టారు. కొండకి పెట్టండని చెప్పాను. కానీ పెట్టినందుకు సంతోషించాను.

ఆ రోజు పిల్లలతో వచ్చిన రాణి టీచరు రెండు థర్మామీటర్లు తెచ్చింది. రోడ్డు మీద గేటు దగ్గర ఒకటి, గెడ్డ పక్కన చెట్ల కింద ఒకటి కట్టించింది. గేటు దగ్గర ముప్పయ్యారు, గెడ్డ దగ్గర ముప్పయ్యొకటి. మిగతా పిల్లలు రాసుకుని ఊరుకున్నారు. నీ మనవరాలు మాత్రం ఆ థర్మామీటరు ఒక రోజుకి అప్పడిగి, మీ దుకాణం రేకుల కింద వేలాడదీసింది. ముప్పై ఎనిమిది. నువ్వు 'ఏటే అది?' అంటే స్కూలు పని అని చెప్పిందట. ఆదివారాలు స్కూలు జట్టుతో ఇంకో రెండుసార్లు వచ్చింది, అప్పుడు చెప్పింది. ఆ ముప్పై ఎనిమిదిలో మా దాదా రోజంతా దగ్గుతా కూర్చుంటాడని కూడా చెప్పింది. నువ్వు నాకు తెలుసని నేను చెప్పలేదు. కొండ పేరెత్తితే దాదాకి కోపమొస్తుందని తనే చెప్పింది.

ఇక్కడికొస్తే నీ ఊపిరి బాగైపోతుందని నేను రాయను. నేను డాక్టర్ని కాను. కళ్ళతో చూసింది చెబుతాను. దువ్వాడ నుంచి గురునాథరావు గారని ఒకాయన వస్తాడు, ఉక్కు కరిగించే ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. డాక్టరు మందులతో పాటు నడక కూడా రాశాడట. మొదట్లో గేటు దాటాక వచ్చే మొదటి బల్ల దాకా నడిచి కూలబడేవాడు. ఏడాది గడిచింది, ఇప్పుడు గెడ్డ దాకా వస్తాడు. 'ముప్పయ్యేళ్ళు పొగ మింగినాను, ఇప్పుడు గాలి తింతన్నాను సింహాద్రీ' అంటాడు. మందులు మానలేదు. మానమని నేనూ చెప్పను.

ఇక అసలు విషయం. మే పదకొండు నుంచి పది రోజులు ఇక్కడ పిల్లలకి శిబిరం పెడుతున్నారు. చెట్లు, పిట్టలు, నీళ్ళ లెక్కలు నేర్పుతారు. తర్వాత వచ్చే స్కూళ్ళకి దారి చూపించేది ఈ పిల్లలే. పన్నెండు మందిని తీసుకుంటారు. మొదటి పేరు మెహక్‌ది. నేనే రాయించాను. కర్ర తెలిసిన పిల్లకి చెట్టు నేర్పడం సులువు. చెట్టు తెలిసినవాళ్ళు నాకు చాలామంది దొరికారు గాని, కర్ర తెలిసిన పిల్ల ఈ ఒక్కతే. అది నువ్వు నేర్పిన విద్య. ఆమె కర్ర పేరు చెప్పినప్పుడు నీ తరఫున నేను గర్వపడ్డాను. కొండ తరఫున కూడా.

దానికి ఇంటి పెద్ద సంతకం కావాలి. ఆ పిల్ల నాన్న నవీద్ ఓడ మీద ఉన్నాడట, ఇంట్లో సంతకాలన్నీ నీవేనట. ఫారం ఈ కవరులోనే పెట్టాను. మే నాలుగు లోపల నాకు చేరాలి. చేరకపోతే ఆమె చోటు ఇంకొకరికి వెళుతుంది. వచ్చే ఏడాది చూద్దామంటే, జూన్ ఆఖరుకి నన్ను రిటైరు చేసి ఇంటికి పంపేస్తారు. నేను నేర్పగలిగేది ఇదే ఆఖరిసారి.

నువ్వు కూడా వస్తే మొదటి బల్ల గేటుకి యాభై అడుగులే. రాకపోయినా పిల్లని ఆపకు.

ఇట్లు,
ఒకప్పుడు నీకు కర్ర మోసిన
సింహాద్రి.

తా.క. మార్చిలో స్కూలుకిచ్చిన ఫారం మీద నీ సంతకం ఉంది; పిల్లలు దిగిపోయేటప్పుడు టీచరు ఆ ఫారాలు నాకిచ్చింది. అది నువ్వు పెట్టలేదు. మెహక్ పెట్టింది. చూడగానే పోల్చాను. నీ కర్ర పట్టుకున్న రోజు రాసిన కాగితం మీద నీ సంతకం కింద వాచరుగా సాక్షి సంతకం నాదే. ఇంగ్లీషు 'యు' కింద నువ్వు గీసే గీత ఆమెకి కుదరలేదు. ఫారం చూసిన రోజే దాన్ని వెనక్కి పంపాల్సింది, పంపలేదు. అది నా తప్పు. అందుకే ఈ ఉత్తరం ఆమె చేతికివ్వలేదు. ఆమెను తిట్టడానికి నాకు మొహం లేదు. ఎందుకంటే ఆనాటి మన కాగితంలోనూ ఒక అబద్ధముంది. దారిన పోయే వ్యక్తి సమాచారం ఇచ్చాడని రాసి ఉంది. దారిన ఎవడూ పోలేదు. చెప్పింది నేను. నీ రిక్షా తొక్కిన జగ్గయ్య కాదు. వాడే చెప్పాడనుకుని నువ్వు మళ్ళీ వాడి మొహం చూడలేదు, నేను చూస్తూ ఊరుకున్నాను. గెడ్డ తల దగ్గర పన్నెండు బిల్లుళ్ళు పోయాయి భాయ్. నరికింది నువ్వు కాదు, కొన్నది నువ్వు. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ చెబుతాను. కానీ చెప్పింది నేనేనని అప్పుడే నీ మొహం మీద చెప్పి ఉండాల్సింది. పోయిన వారం సబ్బవరం వెళ్ళి జగ్గయ్యకి చెప్పాను. 'ఇంత ఆలీసమా బావా, పందొమ్మిదేళ్ళా' అన్నాడు. టీ మాత్రం ఇప్పించాడు. ఈసారి ఫారం మీద సంతకం నువ్వే పెట్టు. గీత చూస్తే నాకు తెలుస్తుంది.