అత్తయ్య సీటు

2007 ఏప్రిల్, శనివారం రాత్రి, ఫెయిర్లీ

ఈ చిన్న ఊళ్ళో మోటెల్ తీసుకుని చుట్టుపక్కలంతా చూడాలన్నది అత్తయ్య ప్లానే. "రోజుకో ఊళ్ళో మూటలు విప్పడం నావల్ల కాదే. ఒకచోట కుక్కర్ పెట్టుకుందాం, చీకటి పడేలోగా వచ్చేద్దాం" అనేవారు. తీర్థయాత్రలూ అలాగే చేశారట. అత్తయ్య ఈ ఫిబ్రవరిలో పోయారు. ఏడాది తిరక్కుండా విహారాలేమిటని రోటోటూనాలో ఉండే తెలుగు ఆంటీ మొహం మీదే అనేసింది. ఆవిడకేం తెలుసు? "అమ్మ బుక్ చేయించింది, వెళ్దాం" అన్నారు ఈయన.

పొద్దున టెకాపో సరస్సుకి బయల్దేరినప్పుడు అలవాటుగా వెనక, పాప పక్కన కూర్చున్నాను. ఈయన అద్దంలోంచి చూసి కారు తీశారు. సరస్సు ఎంత నీలంగా ఉందో రాద్దామనుకున్నాను. రాయబుద్ధి కావడం లేదు.

తిరిగొస్తుంటే పాప అడిగింది. "డాడీ, కెన్ ఐ సిట్ ఇన్ ఫ్రంట్?"

"వద్దు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"వై నాట్? నోబడీస్ దేర్."

ఈయన కారు పక్కకి ఆపారు. ఎంతసేపటికీ స్టార్ట్ చేయలేదు. చివరికి నేనే దిగి ముందుకెళ్ళి కూర్చున్నాను. సీటు ఇంకా అత్తయ్యకి సరిపోయేంత ముందుకే జరిపి ఉంది. మోటెల్ వచ్చేదాకా మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతూనే ఉన్నాయి. వెనక్కి జరపలేదు.