ఇద్దరు కట్టుకున్న మీటరు

వడోద్, సూరత్

డాక్టర్ సుప్రజ మేడమ్‌కు నమస్కారం.

మరమగ్గాల మోటార్ల అయస్కాంత ప్రభావం మా ఒంటికి ఎంత తగులుతుందో కొలవడానికి మీరు లింబాద్రి నడుముకు కట్టిన మీటరు గురించి రాస్తున్నాను. అది రాత్రీ పగలూ ఒకేలా చూపించిందట. మనిషి అంతసేపు మోటారు పక్కన ఉండలేడని, మీటరు చెడిపోయి ఉంటుందని అతని లెక్కను పరిశోధనలోంచి తీసేశారట.

మీటరు చెడిపోలేదు మేడమ్. మా ఇద్దరివీ అవే మగ్గాలు, అదే మంచం. అతనిది పగటి పాళీ, నాది రాత్రి పాళీ. ఇక్కడ మిషన్ ఖాళీగా ఉంటే సేఠ్ ఊరుకోడు. ఆ అలవాటుతోనే పాళీ మారేటప్పుడు లింబాద్రి మీటరు విప్పి నాకు కట్టేవాడు. "జర పట్టుకోరా, మేడమ్ మిషన్ సుత ఖాళీగుండొద్దు" అనేవాడు.

పోయిన నెల అతను నెత్తురు జబ్బుతో చనిపోయాడు. మోటార్ల వల్లేనా అని అడిగితే మీరు చెప్పలేమన్నారు. సరే, చెప్పకండి. కానీ ఆ లెక్క పారేయకండి. అందులో సగం అతనిది.

కొత్త మనిషి దొరకలేదని ఇప్పుడు రెండు పాళీలూ నేనే చేస్తున్నాను. కునుకు తీసేది కూడా మగ్గాల సందులోనే. మీటరు మళ్ళీ తెచ్చి నాకు కట్టండి. అదే లెక్క వస్తుంది. ఈసారి విప్పి ఇవ్వడానికి ఎవరూ లేరు.

లింబాద్రి జోడీదారు